దూరప్రయాణాల బైకు ఎంచుకోవడం: గాలి కుదుపు, ఒళ్లునొప్పులపై తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి విశాఖకో, బరంపురానికో, అరకుకో బైకు మీద తరచుగా వెళ్లివచ్చేవారు అడిగే ప్రశ్నలివి. కొలతలు ఆయా కంపెనీలు ప్రకటించినవి. అభిప్రాయాలు మాత్రం 16వ నంబరు జాతీయ రహదారి మీద ఏళ్ల తరబడి మెడ, నడుము నొప్పి పెట్టించుకుని నేర్చుకున్నవి.

బైకు కొనేముందు అన్నిటికన్నా ముందు దేన్ని చూసుకోవాలి?

సీటు మీద మీరు కూర్చునే చోటు, హ్యాండిల్‌ను చేతులు పట్టుకునే చోటు, ఫుట్‌రెస్టుల మీద పాదాలు నిలిచే చోటు, ఈ మూడింటినీ కలిపితే ఒక త్రికోణం వస్తుంది. అది మీ ఒంటికి సరిపోతుందా లేదా అన్నది మొదట తేల్చుకోవాలి. ఇంజను, మైలేజీ, రంగు తరవాతి సంగతులు. నా ఉద్దేశంలో గాలి కుదుపు కూడా తరవాతి సంగతే, ఎందుకంటే విండ్‌షీల్డ్ మార్చి, హెల్మెట్ మార్చి, వేగం పది కిలోమీటర్లు తగ్గించి గాలిని చాలావరకు దారికి తెచ్చుకోవచ్చు. ఫుట్‌రెస్టులు ఎక్కడున్నాయి, సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య ఎంత దూరముంది అన్నవి మాత్రం ఫ్రేముతో పాటే వస్తాయి. హ్యాండిల్‌ను ఒకటి రెండు అంగుళాలు జరపగలమేమో గానీ, మోకాలు ఎంత వంగాలన్నది మన చేతిలో ఉండదు. చాలామంది పెద్ద విండ్‌షీల్డ్ చూసి ముచ్చటపడి బైకు కొంటారు, ఆరు నెలలు తిరిగాక నడుం గురించి అడుగుతారు.

గాలి తగలడానికీ, గాలి కుదుపుకీ తేడా ఏమిటి?

శ్రీకాకుళంలో నాగావళి వంతెన మీద నిలబడి కిందికి చూస్తే ఈ తేడా కంటికి కనిపిస్తుంది. స్తంభానికి ఎగువన నీరు బలంగా వస్తున్నా ఒకే తీరులో వస్తుంది. స్తంభం దాటిన తరవాత మాత్రం సుడులు తిరుగుతుంది, ఆ సుడుల్లో కొట్టుకొచ్చిన కొబ్బరి మట్ట అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. విండ్‌షీల్డ్ లేని బైకు మీద ఛాతీకి తగిలేది ఎగువ నీరు లాంటి గాలి: బలంగా నెడుతుంది, కానీ నిలకడగా నెడుతుంది, కాబట్టి ఒళ్లు దానికి అలవాటు పడుతుంది. విండ్‌షీల్డ్ అంచు దాటి వచ్చేది సుడిగాలి. అది హెల్మెట్‌ను సెకనుకు ఎన్నోసార్లు చిన్నచిన్నగా కొడుతుంది. తలను నిలబెట్టడానికి మెడ కండరాలు ఆ దెబ్బదెబ్బకూ బిగుసుకుంటాయి. రెండు గంటలయ్యేసరికి మెడ పట్టేస్తుంది, చూపు చెదురుతుంది, ఇల్లు చేరాక కూడా చెవిలో హోరు వినిపిస్తుంది. బఫెటింగ్ అనేది దీన్నే.

80లో బాగానే ఉంటుంది, 100 దాటితే భరించలేకపోతున్నాను. బైకులో లోపమా?

లోపం కాకపోవచ్చు. గాలి ఒత్తిడి వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 100కు వెళితే వేగం పెరిగింది నాలుగో వంతే అయినా గాలి నెట్టే బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. 60 నుంచి 90కి వెళితే రెండుంపావు రెట్లు అవుతుంది.

దీనికి ఎదురుగాలి తోడవుతుంది. స్పీడోమీటరు రోడ్డుతో పోల్చిన వేగాన్నే చూపిస్తుంది, గాలితో పోల్చిన వేగాన్ని చూపించదు. వేసవి మధ్యాహ్నాల్లో మన తీరం వెంబడి నైరుతి నుంచి గాలి గట్టిగా వీస్తుంటుంది. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం దాకా రోడ్డు దాదాపు ఈశాన్యం నుంచి నైరుతికే పోతుంది గనుక, పలాస వైపు వెళ్లేటప్పుడు వీపున ఉన్న ఆ గాలి తిరిగి వచ్చేటప్పుడు ముఖానికి తగులుతుంది. 20 కిలోమీటర్ల ఎదురుగాలిలో 80 మీద వస్తున్నారంటే మీ హెల్మెట్‌కు అది 100తో సమానం. ‘వెళ్లేటప్పుడు లేని మెడనొప్పి వచ్చేటప్పుడు ఎందుకొచ్చింది’ అని అడిగేవారికి చాలాసార్లు జవాబు ఇదే. ఆ రోజు బైకును కాక గాలిని అనాలి.

అయితే పెద్ద విండ్‌షీల్డ్ ఉన్న బైకు కొంటే సరిపోతుందా?

సరిపోదు. ఒక్కోసారి బాధ ఎక్కువవుతుంది కూడా. విండ్‌షీల్డ్ గాలిని మాయం చేయదు, పైకి తోస్తుంది. ఆ తోసిన గాలి మీ ఛాతీకి తగులుతుందా, గొంతుకు తగులుతుందా, సరిగ్గా హెల్మెట్ నుదుటికి తగులుతుందా అన్నది మీ మొండెం ఎత్తును బట్టి ఉంటుంది. అందుకే ఒకే బైకు మీద అయిదడుగుల నాలుగంగుళాల మనిషి హాయిగా వెళితే, అయిదడుగుల పదంగుళాల మనిషి తల పట్టుకుని దిగుతాడు. ఇద్దరూ చెప్పేది నిజమే.

నేను ఒకప్పుడు ఊళ్లోని ఒక విడిభాగాల దుకాణంలో, అమ్మినాయన మాట మీద, పొడవాటి విండ్‌షీల్డ్ ఒకటి బిగించుకున్నాను. రణస్థలం చేరేసరికి హెల్మెట్ అద్దం గడగడలాడుతోంది, ఎదుటి లారీ నంబరు రెండుగా కనిపిస్తోంది. పాతదానితో ఛాతీకి గాలి తగిలేదే గానీ తల నిలకడగా ఉండేది. వెనక్కి తీసుకోమంటే దుకాణంలో కుదరదన్నారు. ఆ తరవాత కొంతకాలానికి గానీ, దాన్ని నాలుగు వేళ్ల మేర కోయించవచ్చన్న ఆలోచన నాకు రాలేదు. పాలికార్బొనేట్ అయితే సన్నపళ్ల రంపంతో కోసి, అంచును గరుకు కాగితంతో గుండ్రంగా రుద్దుకోవచ్చు. ఆక్రిలిక్ అయితే కోసేటప్పుడే పగులుతుంది, కాబట్టి ఏదన్నది ముందు తెలుసుకోవాలి. కోసిన మర్నాడు అదే రోడ్డు మీద, అదే వేగంలో మోత సగానికి తగ్గింది.

కుదుపు విండ్‌షీల్డ్ వల్ల వస్తోందా, హెల్మెట్ వల్ల వస్తోందా అన్నది ఎలా తెలుసుకోవాలి?

పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. తెల్లవారుజామున వాహనాలు లేని తిన్నటి రోడ్డు మీద, 70 దగ్గర నిలకడగా వెళుతూ, హ్యాండిల్ వదలకుండా ఫుట్‌రెస్టుల మీద బలం పెట్టి సీటు నుంచి రెండు మూడు అంగుళాలు లేవండి. లేచినప్పుడు మోత మారి, గాలి బలంగానైనా నిలకడగా తగులుతుంటే మీ తల విండ్‌షీల్డ్ సుడిలో ఉన్నట్టు. దాన్ని తగ్గించడమో, వంపు మార్చడమో చేయాలి. తరవాత కూర్చుని, తలను మూడు అంగుళాలు కిందికి వంచండి. అక్కడ ఒక్కసారిగా నిశ్శబ్దం అయితే విండ్‌షీల్డ్‌కు ఆ మూడంగుళాల ఎత్తు చాలడం లేదని అర్థం. రెండు చోట్లా మోత ఒకేలా ఉంటే హెల్మెట్‌ను అనుమానించండి. విండ్‌షీల్డ్‌ను పూర్తిగా విప్పేసి అదే దారిలో ఒకసారి వెళ్లిరావడం అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష. విప్పడానికి మామూలుగా నాలుగు బోల్టులే ఉంటాయి.

గాలి ఏ దారిన పోతోందో కంటితో చూడాలనుకుంటే బొటనవేలంత పొడవున్న ఉన్ని దారపు ముక్కలను విండ్‌షీల్డ్ లోపలి వైపున, పై అంచు పక్కన, ట్యాంకు మీద టేపుతో అంటించండి. ఇంకొకరిని పక్క బైకు మీద రమ్మని ఫోనులో వీడియో తీయించుకోండి, తీసేవారు వెనుక సీటులో ఉండాలి. దారం తిన్నగా వెనక్కి పారుతున్న చోట గాలి శుభ్రంగా పోతోంది. పిచ్చిపట్టినట్టు గిరగిర తిరిగే చోట, కొన్నిసార్లు ముందుకే తిరిగి మీ వైపు కాక విండ్‌షీల్డ్ వైపు చూసే చోట, సుడి ఉంది. మొదటిసారి ఆ వీడియో చూసినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగించింది ట్యాంకు మీది దారం: గాలి పై నుంచే కాదు, ట్యాంకు పక్కల నుంచి, కింది నుంచి కూడా ఎగదన్నుకుని గడ్డం కిందికి వస్తోంది.

విండ్‌షీల్డ్ పై అంచు ఎంత ఎత్తున ఉండాలి?

మామూలుగా కూర్చుని తిన్నగా చూసినప్పుడు పై అంచు మీ ముక్కుకూ గడ్డానికీ మధ్య ఉంటే మేలు. చూపు అంచు మీదుగా పోవాలి, అద్దంలోంచి పోకూడదు. ధాన్యం కోతల కాలంలో సాయంత్రం పూట అద్దమంతా పురుగులతో నిండిపోతుంది, వానలో నీటి చారలు కడుతుంది, రాత్రి ఎదుటి దీపాల వెలుగు గీతల మీద చిట్లి ఏమీ కనిపించదు. ఎత్తుతో పాటు అడుగున రెండు వేళ్ల సందు ఉందేమో చూడండి. అద్దం వెనుక గాలి ఒత్తిడి తగ్గినప్పుడు ఆ సందులోంచి కొంత గాలి వచ్చి లోటు పూరిస్తుంది, దాంతో సుడి బలం తగ్గుతుంది. ఆ సందు లేని చోట వెనుక నుంచి ఎవరో వీపు మీద చేయి వేసి ముందుకు నెడుతున్నట్టు అనిపిస్తుంది. పై అంచుకు తగిలించే చిన్న డిఫ్లెక్టరు తక్కువ ఖర్చుతో రెండు మూడు అంగుళాల ఎత్తునూ, వంపు మార్చుకునే వీలునూ ఇస్తుంది గనుక, కొత్త విండ్‌షీల్డ్ కొనేముందు దాన్ని ప్రయత్నించడం మంచిది.

క్రూయిజర్ మంచిదా, అడ్వెంచర్ బైకు మంచిదా?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. మీ నొప్పి ఎక్కడ మొదలవుతుందన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది.

మీటియర్ 350, అవెంజర్ క్రూయిజ్ 220 వంటి క్రూయిజర్ల సీటు నేలకు దగ్గరగా ఉంటుంది. మీటియర్ సీటు ఎత్తు 765 మి.మీ., అవెంజర్‌ది 737. పాదాలు ముందుకు చాపుకుని కూర్చోవడం వల్ల మోకాళ్లకు సుఖం, సిగ్నళ్ల దగ్గర రెండు కాళ్లూ నేలకు ఆనుతాయి. షోరూంలో కూర్చోగానే ‘ఇదే నా బైకు’ అనిపించేది కూడా ఇదే. ఇబ్బంది ఎక్కడంటే, కాళ్లు ముందుకు ఉన్నప్పుడు ఒంటి బరువంతా వెన్నెముక చివరి ఎముక మీదే పడుతుంది. గతుకు వచ్చినప్పుడు కాళ్ల మీద బరువు పెట్టి లేవడానికి వీలుండదు, ఆ దెబ్బ నేరుగా నడుముకు చేరుతుంది. పైగా చేతులు ముందుకు చాచి, ఛాతీ తెరిచి కూర్చుంటాం గనుక విండ్‌షీల్డ్ లేకపోతే మనిషే తెరచాప అవుతాడు; గాలి వెనక్కి నెడుతుంటే హ్యాండిల్ పట్టుకుని వేలాడాల్సి వస్తుంది. అందుకే క్రూయిజర్‌కు విండ్‌షీల్డ్ అలంకారం కాదు, అవసరం. మీటియర్‌లో సూపర్‌నోవా రకానికి అది కంపెనీ నుంచే వస్తుంది.

హిమాలయన్ 450, వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్, ఎక్స్‌పల్స్ 200 వంటి అడ్వెంచర్ బైకుల్లో పాదాలు దాదాపు తుంటి కిందికే వస్తాయి, వీపు నిటారుగా ఉంటుంది. గతుకు కనిపించగానే పాదాల మీద లేవవచ్చు. సస్పెన్షన్ ప్రయాణం, అంటే గతుకులో చక్రం పైకీ కిందికీ కదలగల దూరం, ఎక్కువ. హిమాలయన్‌లో ముందూ వెనుకా 200 మి.మీ. వరకు ఉంటుంది. నడుము నొప్పి ఉన్నవారికి నేను వీటినే ముందు చూడమంటాను. ఇక్కడ ధర చెల్లించేది గాలి విషయంలో. నిటారుగా, ఎత్తున కూర్చుంటాం, కంపెనీ ఇచ్చే విండ్‌షీల్డ్ చిన్నది. అది ఛాతీని కాపాడి తలను సుడికి అప్పగిస్తుంది. కానీ ఇది మార్చుకోదగ్గ లోపం.

ఈ రెంటికీ మధ్యస్థంగా డామినార్ 400 ఉంది. సీటు ఎత్తు 800 మి.మీ., బరువు 193 కిలోలు. 2021 నుంచి పొడవాటి విండ్‌షీల్డ్, చేతి రక్షణలు కంపెనీ నుంచే వస్తున్నాయి. ఎప్పుడూ నాలుగు వరుసల రోడ్డు మీదే తిరిగేవారికి ఇది సరిపోతుంది. సాలూరు దాటి సుంకి ఘాట్ మీదుగా కోరాపుట్ వైపు, పార్వతీపురం అవతలి కొండదారుల వైపు మనసు లాగేవారు అడ్వెంచర్ రకం తీసుకోవడమే మంచిది.

నా ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు. 835 మి.మీ. సీటు ఉన్న బైకు నడపగలనా?

నడపగలరు, ఆపగలరా అన్నదే సందేహం. వీ-స్ట్రామ్ సీటు 835 మి.మీ. అయినా బరువు 167 కిలోలే, కాబట్టి ఒక కాలి మునివేళ్ల మీద నిలపడం సాధన మీద వస్తుంది. హిమాలయన్ సీటును 825, 845 మి.మీ. రెండు ఎత్తుల్లో అమర్చుకోవచ్చు, 805 మి.మీ. చిన్న సీటు విడిగా దొరుకుతుంది, కానీ బరువు 196 కిలోలు. ఇసుక పేరుకున్న రోడ్డు అంచున, వెనుక మనిషి, పక్కన సంచులు ఉన్నప్పుడు ఆ బరువు ఒరిగితే మునివేళ్లు ఆపలేవు. సూపర్ మీటియర్ 650 సీటు 740 మి.మీ.లో అందరికీ అందుతుంది గానీ బరువు 241 కిలోలు. పెట్రోలు బంకులో వెనక్కి నెట్టి చూసిన తరవాతే నిర్ణయించుకోండి.

350 సీసీ చాలా? ఇంకా పెద్దది కావాలా?

మీరు నడిపే వేగాన్ని బట్టి చెప్పాలి. 80, 90 మధ్య వెళ్లేవారికి 350 సీసీ హాయిగా సరిపోతుంది. అదే ఇంజనును గంటల తరబడి 105 మీద ఉంచితే అది తన శక్తి చివరి అంచున పనిచేస్తూ, ఒంటి సిలిండరు కంపనాన్ని హ్యాండిల్‌కూ ఫుట్‌రెస్టులకూ పంపుతుంది. విజయవాడ దాకా ఒకే రోజు సాగాలనుకునేవారికి 400 సీసీ చుట్టుపక్కల ఇంజను, ఆరు గేర్లు ఉంటే ఒంటికి తెరిపి. ధరలో ఒక గీత ఉందన్నది గుర్తుంచుకోండి: 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అది దాటితే 40 శాతం. మిగిలే డబ్బు మంచి హెల్మెట్‌కూ, విండ్‌షీల్డ్‌కూ, సీటుకూ సరిపోయి ఇంకా మిగులుతుంది. వేగం అవసరం లేనివారికి నేను చెప్పేది 350లోపు కొనుక్కోమనే.

గంట దాటగానే నడుం లాగేస్తోంది. సీటు మార్చాలా?

మొదట వెనుక చక్రపు షాక్ అబ్జార్బర్ అమరిక, అంటే దాని స్ప్రింగు ఎంత బిగించి ఉందో, చూడండి. కొన్న రోజు ఉన్న అమరికనే చాలామంది ఏళ్ల తరబడి ఉంచేస్తారు. బైకును సెంటర్ స్టాండు మీద ఉంచి వెనుక ఇరుసు నుంచి సీటు కింది ఒక గుర్తు దాకా టేపుతో కొలవండి. తరవాత స్టాండు దించి, మీరు ఎప్పుడూ పెట్టుకునే సామానుతో సహా కూర్చుని, మరొకరితో కొలిపించండి. రెండు కొలతల తేడా మొత్తం సస్పెన్షన్ ప్రయాణంలో మూడో వంతుకు దగ్గరగా ఉండాలి. అంతకన్నా బాగా తక్కువైతే అమరిక బిర్రుగా ఉన్నట్టు, ప్రతి అతుకూ నడుముకు తెలుస్తుంది. ఎక్కువైతే పెద్ద గతుకులో అడుగు తాకి ఒక్కసారిగా గుద్దుతుంది. మీటియర్ వంటి బైకుల్లో దీన్ని ఆరు మెట్లలో మార్చుకోవచ్చు, పనిముట్ల సంచిలో ఉండే కొంకి పానా చాలు.

అది సరిచేసినా నొప్పి తగ్గకపోతే కూర్చునే తీరును గమనించుకోండి. నడుము ధనుస్సులా వెనక్కి వంగి ఉంటే హ్యాండిల్ దూరమైనట్టు. హ్యాండిల్ కింద రైజర్లు (ఎత్తు పెంచే దిమ్మెలు) పెట్టి దాన్ని కాస్త పైకి, వెనక్కి తెచ్చుకోవచ్చు. రైజర్ పెట్టాక హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి క్లచ్ తీగ, బ్రేకు గొట్టం లాగుకుపోవడం లేదని మెకానిక్ చేత చూపించుకోవడం మరవకండి. వీపుకు తగిలించుకునే సంచిని మాత్రం ఈరోజే మానేయండి, ఆ బరువును బైకు మోయాలి. నొప్పి కాలి కిందికి పాకుతున్నా, పాదం తిమ్మిరెక్కుతున్నా ఇక బైకు సంగతి పక్కన పెట్టి ఎముకల వైద్యుడికి చూపించుకోవాలి.

మెత్తటి సీటు వేయిస్తే కూర్చునే చోట నొప్పి పోతుందా?

మొదటి అరగంట పోతుంది. మరీ మెత్తటి స్పాంజి అరగంటలో అణగిపోయి, ఎముకలు అడుగున ఉన్న ప్లాస్టిక్ పళ్లేన్ని తాకుతాయి. గట్టిగా, వెడల్పుగా, ముందుకు జారనివ్వకుండా సమతలంగా ఉన్న సీటే దూరప్రయాణానికి మంచిది. సీటు కుట్టేవారికి ‘మెత్తగా చేయండి’ అని చెబితే మెత్తగానే చేస్తారు. ‘వెనుక వెడల్పు చేయండి, ముందు వాలు తీసేయండి’ అని చెప్పాలి. మన ఉక్కపోతలో రెక్సిన్ మీద చెమట పట్టి చర్మం ఒరిసిపోవడమే సగం బాధ గనుక, గాలి ఆడే జాలీ కవరు వేసుకోండి, లోపల కుట్లు లేని బిగుతు లాగు వేసుకోండి.

చేతివేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. ఏం చేయాలి?

పట్టు సడలించండి. ఎదురుగాలిలో తెలియకుండానే హ్యాండిల్‌ను పిసుకుతాం. మోకాళ్లతో ట్యాంకును పట్టుకుంటే చేతులకు పని తగ్గుతుంది. క్లచ్, బ్రేకు లివర్లు ముంజేతికి తిన్నగా వచ్చేలా కిందికి తిప్పి బిగించుకోండి. కంపెనీ అమరికలో అవి తరచూ ఎత్తుగా ఉండి మణికట్టును విరిచి ఉంచుతాయి. ఇవి చేశాక కూడా తిమ్మిరి ఉంటే హ్యాండిల్ చివర బరువులు, స్పాంజి గ్రిప్పులు ప్రయత్నించవచ్చు.

మోకాళ్ల నొప్పికి?

ఫుట్‌రెస్టు నుంచి సీటుకు ఎక్కువ దూరం ఉన్న బైకు ఎంచుకోవడమే మందు. ఎత్తయిన సీటు మోకాలికి మేలు చేస్తుంది, పొట్టి కాళ్లకు కీడు చేస్తుంది.

హెల్మెట్ మారిస్తే తేడా ఉంటుందా?

చాలా ఉంటుంది. అడ్వెంచర్ బైకు కొనగానే ముందుకు పొడుచుకొచ్చిన టోపీ అంచు ఉన్న హెల్మెట్ కొనడం రివాజైపోయింది. ఆ అంచు మట్టిదారుల్లో ఎండకు పనికొస్తుంది. జాతీయ రహదారి మీద అది గాలిని పట్టి తలను వెనక్కి లాగుతుంది, పక్కకు చూడబోతే మెడను తిప్పేస్తుంది. విప్పడానికి వీలున్న అంచైతే రోడ్డు మీద విప్పేయండి. బుగ్గలకు గట్టిగా పట్టే సైజు, గుండ్రటి నునుపైన పైభాగం, గడ్డం కింద గుడ్డ తెర, ఇవి ఉంటే కుదుపు బాగా తగ్గుతుంది. ఐఎస్ 4151 ప్రమాణానికి ఐఎస్ఐ గుర్తు ఉండడం తప్పనిసరి, దాని మీద బేరం లేదు.

శబ్దం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని చెవి రోజుకు ఎనిమిది గంటలు తట్టుకుంటుందని, ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుందని వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. అంటే 94 వద్ద ఒక్క గంట. హైవే వేగంలో హెల్మెట్ లోపలి గాలి హోరు ఆ స్థాయిని సులువుగా అందుకుంటుంది, శ్రీకాకుళం నుంచి విశాఖకు రెండు గంటల పైనే పడుతుంది. మందుల దుకాణంలో దొరికే స్పాంజి చెవి బిరడాలు హోరును తగ్గిస్తాయి, హారన్ వినిపిస్తూనే ఉంటుంది. పాటల ఇయర్‌ఫోన్లు వీటికి ప్రత్యామ్నాయం కాదు.

లారీని దాటేటప్పుడు బైకు పక్కకు లాగేస్తోంది. బరువైన బైకు కొంటే తగ్గుతుందా?

కొంత తగ్గుతుంది, పోదు. లారీ వెనుక మీకు గాలి ఉండదు, పక్కకు రాగానే దాని వైపు లాగుతుంది, ముందుకు దాటగానే అవతలికి తోస్తుంది. ఈ మూడు దశలూ ముందే తెలిసి ఉంటే భయం ఉండదు. లారీకి ఒక వరుస దూరం ఉంచి, వెనుక తచ్చాడకుండా ఒక్క ఊపున దాటండి, చేతులు వదులుగా ఉంచండి. మడపాం దగ్గర వంశధార వంతెన మీద పక్కగాలి అడ్డు లేకుండా వస్తుంది. ఉద్దానం వైపు ఇంకో చిత్రం: కొబ్బరి, జీడి తోటలు అడ్డున్నంత సేపూ గాలి ఉండదు, తోటల మధ్య ఖాళీ రాగానే ఒక్క తోపు తోస్తుంది. విజయనగరం నుంచి సాలూరు వైపు ఎదుటి నుంచి వచ్చే లారీ తోసే గాలి ఇంకా గట్టిది. అక్కడ రోడ్డు అంచుకు కాస్త జరగడం తప్ప మార్గం లేదు.

వెనుక కూర్చునేవారికి కుదుపు ఎక్కువగా ఉంటుందంటారు, నిజమేనా?

నిజమే. వెనుక సీటు ఎత్తుగా ఉంటుంది, నడిపేవారి భుజాల మీదుగా వచ్చిన సుడి నేరుగా వారి ముఖానికి తగులుతుంది. పక్కకు కాళ్లు వేసుకుని కూర్చునే ఆడవాళ్ల నడుము మెలిపడి ఉంటుంది గనుక దూరప్రయాణానికి ఆ తీరు పనికిరాదు. వెనుక ఆనుకునే దిండు ఉన్న రకాన్ని కొనండి, కొనేటప్పుడు వారిని కూడా షోరూంకు తీసుకెళ్లి అరగంట కూర్చోబెట్టండి. వెనుక మనిషి ఉన్నప్పుడు షాక్ అబ్జార్బర్‌ను ఒకటి రెండు మెట్లు బిగించాలి. వెనుక పెద్ద పెట్టె బిగిస్తే అది పక్కగాలిని పట్టి హ్యాండిల్‌ను ఊపుతుంది. బరువును రెండు పక్కల సంచుల్లో, కిందుగా పెట్టండి.

విండ్‌షీల్డ్, సీటు మారిస్తే చట్టం ఒప్పుకుంటుందా?

1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఆర్‌సీలో నమోదైన వివరాలకు భిన్నమైన మార్పులను నిషేధిస్తుంది. ఇంజను, ఫ్రేము, రంగు వంటివి దాని కిందికి వస్తాయి. విండ్‌షీల్డ్, సీటు కవరు వంటి ఉపకరణాలతో మామూలుగా చిక్కు ఉండదు. అయినా కంపెనీ ఉపకరణాల జాబితాలో ఉన్నవాటిని షోరూంలోనే బిల్లుతో వేయించుకుంటే వారంటీ దగ్గర వాదన రాదు.

షోరూంలో రెండు కిలోమీటర్లే టెస్ట్ రైడ్ ఇస్తున్నారు. ఎలా నిర్ణయించుకోవాలి?

రెండు కిలోమీటర్ల టెస్ట్ రైడ్ బ్రేకుల సంగతి చెబుతుంది, నడుము సంగతి చెప్పదు. కాబట్టి ముందు బైకును స్టాండు మీద ఉంచి, మీ సొంత హెల్మెట్, బూట్లు వేసుకుని, ఫోను చూడకుండా ఇరవై నిమిషాలు కూర్చోండి. సేల్స్ కుర్రాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. ఆ ఇరవై నిమిషాల్లో మీరు ఎక్కడ కదిలి సర్దుకున్నారో అక్కడే మూడు గంటల తరవాత నొప్పి వస్తుంది. అప్పటికీ నచ్చితే అదే మోడల్‌ను విశాఖలో ఒక రోజుకు అద్దెకు తీసుకుని, ఆనందపురం మీదుగా శ్రీకాకుళం దాకా వచ్చి వెళ్లండి. కొండదారి కూడా మీ లెక్కలో ఉంటే ఎస్.కోట నుంచి అనంతగిరి ఎక్కి గాలికొండ దాకా పోయిరండి. మలుపుల్లో వేగం తక్కువ గనుక గాలి తెలియదు, మణికట్లూ మోకాళ్లూ మాత్రం తెలుస్తాయి. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ప్రతి గంటకూ ఆగి, నొప్పి ఎక్కడ, ఏ కిలోమీటరు రాయి దగ్గర మొదలైందో ఫోనులో రాసుకోండి. ఒక రోజు అద్దె బైకు ధరతో పోలిస్తే లెక్కలోకి రాదు. ఆ రాసుకున్నది చూపించి అడిగితే మెకానిక్ కూడా సరైన జవాబు చెప్పగలడు.